21 దాటిన పిల్లల్ని మా అక్క వేసిన ఎఫ్-4 పిటిషన్‌లో తీసుకెళ్ళొచ్చా?

గోస్తనీ (తణుకు)

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్ళూ ఇక్కడ చదువుకోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది, సిటిజన్. 2006 జూన్ 12న నా పేరు మీద ఎఫ్-4 (తోబుట్టువుల కోసం వేసే పిటిషన్) వేసింది. అప్పటికి మా పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడు. ఫారంలో ఇద్దరి పేర్లూ రాసింది. ఆ తర్వాత ఏళ్ళు గడిచిపోయాయి, మేమూ దాదాపు మర్చిపోయాం. ఎనిమిది నెలల కిందట మా తేదీ నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో దాటిందట, అంటే మా వంతు వచ్చింది. ఎన్వీసీ (నేషనల్ వీసా సెంటర్) వాళ్ళ మెయిల్ అక్క వాడటం మానేసిన పాత ఐడీకి వెళ్ళింది. పోయిన ఆదివారం ఏదో వెతుకుతుంటే కంటపడింది.

ఇప్పుడు పాపకి 21 దాటి చాలా కాలమైంది, బాబుకీ దాటింది. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. మా ఊళ్ళో ఒక కన్సల్టెంట్ "పిటిషన్ వేసినప్పుడు పిల్లలు చిన్నవాళ్ళు, పేర్లు అందులో ఉన్నాయి, ఇక భయం లేదు" అని పదేళ్ళ కిందటే చెప్పాడు. ఆ మాట పట్టుకునే కూర్చున్నాం. నిన్న ఇంకొకాయన "21 దాటితే ఎవరూ రారు, మీరిద్దరే వెళ్ళాలి" అన్నారు. ఇందులో ఏది నిజం? టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు.

ఫ్రిస్కో_తెలుగు

21 దాటితే రానివ్వరండి. మా పెద్దనాన్న గారి అబ్బాయికి అలాగే అయింది. తల్లిదండ్రులు వచ్చేశారు, అబ్బాయి హైదరాబాద్‌లోనే ఉండిపోయాడు.

ఎడిసన్ బాబాయ్ (న్యూజెర్సీ)

గోస్తనీ గారూ, మీకు ఆ ఇద్దరు చెప్పిందీ తప్పే. నేను లాయర్ని కాదు. ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసులో పదిహేనేళ్ళు కాగితాల పని చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఎఫ్-4 అంటే సిటిజన్ తన తోబుట్టువు కోసం వేసే పిటిషన్. అసలు లబ్ధిదారు మీరు. మీ భార్య, 21 లోపు వయసుండి పెళ్ళి కాని పిల్లలు మీ వెనకాల రావచ్చు. ఇక్కడ లెక్కకొచ్చేది పిటిషన్ వేసిననాటి వయసు కాదు. మీ కన్సల్టెంట్ పొరపాటు అక్కడే. ఫారంలో పేరున్నంత మాత్రాన వయసు ఆగిపోదు.

అలాగని మామూలు వయసు చూసి తలుపు వేసెయ్యరు కూడా. 2002 ఆగస్టు 6న సీఎస్‌పీఏ (చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్) అనే చట్టం వచ్చింది. ప్రభుత్వం పిటిషన్‌ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్న రోజుల్ని పిల్లల వయసులోంచి తీసేయాలని అది చెబుతుంది. మీ తేదీ బులెటిన్‌లో అందుబాటులోకి వచ్చిన నెల మొదటి రోజున పిల్లల వయసు ఎంతో చూడండి. అందులోంచి పిటిషన్ వేసిన రోజు నుంచి అప్రూవ్ అయిన రోజు దాకా ఉన్న రోజులు తీసేయండి. మిగిలింది 21 కన్నా తక్కువైతే చట్టం దృష్టిలో ఇంకా పిల్లలే.

అప్రూవ్ అయ్యాక క్యూలో ఎదురుచూసిన కాలం మాత్రం తీసివేయరు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. 19 ఏళ్ళు ఎదురుచూశాం కాబట్టి 19 ఏళ్ళూ తీసేస్తారనుకుంటారు.

ఇప్పుడు నాకు రెండు కావాలి: అప్రూవల్ తేదీ, పిల్లల పుట్టినరోజులు. పుట్టినరోజులు ఇక్కడ పెట్టొద్దు. తేదీ అందుబాటులోకి వచ్చిన రోజుకి 21 దాటి ఎన్ని రోజులైందో లెక్కేసి ఆ సంఖ్య చెప్పండి చాలు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముందు చూడాల్సింది. తేదీ అందుబాటులోకి వచ్చిన ఏడాదిలోపు పిల్లల తరఫున వీసా కోసం కదిలినట్టు రుజువు ఉండాలి. అంటే వాళ్ళ పేరు మీద వీసా ఫీజు కట్టడమో, డీఎస్-260 అనే వీసా దరఖాస్తు పంపడమో జరగాలి. మీకు ఎనిమిది నెలలు అయిపోయాయి. మిగిలింది నాలుగు. వయసు లెక్క సరిపోయినా ఈ గడువు తప్పితే చేతికొచ్చింది జారిపోతుంది.

తెనాలి అత్తయ్య

బాబాయ్ గారు చెప్పినట్టు ఫీజు సంగతి ముందు చూడు నాయనా. మా అన్నయ్య మా కోసం వేసిన పిటిషన్ అప్రూవ్ అయి క్యూలో ఉండగానే ఆయన పోయారు. పిటిషన్ వేసినవారు పోతే అది దానంతటదే రద్దయిపోతుందని అప్పుడు తెలిసింది. మళ్ళీ నిలబెట్టమని అడగడానికి ఒక దారి ఉందన్నారు, ఇంకో దగ్గరి బంధువు స్పాన్సర్‌గా సంతకం పెట్టాలన్నారు. మాకు చేసేవాళ్ళు లేక వదిలేశాం. మీ అక్కగారు చల్లగా ఉన్నారు, పిలుపు వచ్చింది. ఒక్క రోజు కూడా వృథా చేయకండి.

గోస్తనీ

అత్తయ్య గారూ, మీ మాట మనసుకి తగిలింది. అక్కకి 68 దాటాయి. ఇన్నేళ్ళలో ఈ కోణం నాకు ఎప్పుడూ తట్టలేదు.

బాబాయ్ గారూ, బీరువాలో ఉన్న కాగితం ఇప్పుడే తీశాను. మడతల దగ్గర చిరిగిపోతోంది. దాని మీద తేదీ 2011 జనవరి 24. మా తేదీ అందుబాటులోకి వచ్చిన రోజుకి బాబుకి 22 ఏళ్ళ 3 నెలలు, కాబట్టి వాడికి ఇబ్బంది లేదనుకుంటా. పాపకి 25 ఏళ్ళ 7 నెలలు, అంటే 21 దాటి 1675 రోజులు. లెక్క మూడుసార్లు వేశాను, బాబు చేత కూడా వేయించాను.

వరంగల్_బిడ్డ (షార్లెట్)

నేనూ వేశానన్నా. 2006 జూన్ 12 నుంచి 2011 జనవరి 24 దాకా 1687 రోజులు. 1675 లోంచి తీస్తే 12 రోజులు లోపలే ఉంది! పాప కూడా వస్తుంది. చదువుతుంటే నాకే ఏడుపొచ్చింది.

గోస్తనీ

మా ఆవిడకి చదివి వినిపించాను. దేవుడి దగ్గర దీపం పెట్టింది. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఎడిసన్ బాబాయ్

ఒక్క నిమిషం ఆగండి గోస్తనీ గారూ. ఆనందపడే వేళ అడ్డు రావడం నాకూ ఇష్టం లేదు. కానీ 12 రోజుల తేడా ఉన్నప్పుడు ఆ తేదీ ఏ కాగితం మీదిదో చూడకుండా ఒప్పుకోలేను. ఆ కాగితం పైన ఎడమవైపు ఏ ఆఫీసు పేరుంది? ఐ-797 అని ఎక్కడైనా ఉందా?

గోస్తనీ

ఐ-797 అని లేదండి. నేషనల్ వీసా సెంటర్ అని ఉంది. "మీ పిటిషన్ మాకు అందింది, మీ వంతు వచ్చేదాకా భద్రపరుస్తాం" అన్నట్టు రాశారు.

ఎడిసన్ బాబాయ్

అదే నేను భయపడింది. అది అప్రూవల్ నోటీసు కాదు. యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) పిటిషన్‌ని అప్రూవ్ చేసి ఫైలు ఎన్వీసీకి పంపుతుంది. అది చేరాక ఎన్వీసీ వాళ్ళు రాసిన ఉత్తరం మీ దగ్గరున్నది. లెక్కలోకి వచ్చేది యూఎస్‌సీఐఎస్ అప్రూవ్ చేసిన తేదీ, అది తప్పకుండా దీనికన్నా ముందే ఉంటుంది. ఆ నోటీసు పిటిషన్ వేసినవారికి, అంటే మీ అక్కగారికి వచ్చి ఉంటుంది. ఆమె పాత ఫైళ్ళు వెతికించండి.

పాప గురించి ఇప్పుడే ఏ మాటా అనుకోకండి. కాగితం దొరకనివ్వండి.

పాలమూరు_రైతుబిడ్డ

ఆలోపు నాదొక సందేహం. మా చెల్లెలికి కూడా వాళ్ళ మామగారు వాళ్ళాయన కోసం వేసిన పిటిషన్‌లో ఇలాగే నడుస్తోంది. వాళ్ళ అమ్మాయికి మంచి సంబంధం కుదిరింది. గుళ్ళో తాళి కట్టించి, రిజిస్టర్ చేయించకుండా ఉంటే పెళ్ళి కానట్టే కదా, వీసా వచ్చాక రిజిస్టర్ చేయించుకోవచ్చని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా?

ఎడిసన్ బాబాయ్

కాదు తమ్ముడూ, దయచేసి ఆ పని చేయనివ్వకండి. పెళ్ళి జరిగినచోట చట్టం ప్రకారం చెల్లితే అమెరికా వాళ్ళకీ చెల్లినట్టే. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం సంప్రదాయ పద్ధతిలో జరిగితే అది పెళ్ళే. రిజిస్టర్ చేయకపోయినంత మాత్రాన చెల్లకుండా పోదని ఆ చట్టం 8వ సెక్షన్‌లోనే ఉంది. ఇంటర్వ్యూలో "పెళ్ళి కాలేదు" అని ప్రమాణం చేసి చెబితే అది అబద్ధం. పట్టుబడితే తప్పుడు సమాచారం ఇచ్చినందుకు జీవితాంతం వీసాకి అనర్హత పడుతుంది. ఏళ్ళ తర్వాత సిటిజన్‌షిప్ దగ్గర బయటపడినవాళ్ళనీ చూశాను. పెళ్ళి ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేది బంధువులే.

ఇంకో విషయం. పిటిషన్‌లో వెనక వచ్చే బిడ్డ వీసా చేతికొచ్చేదాకానే కాదు, అమెరికాలో దిగేదాకా పెళ్ళి కాకుండా ఉండాలి. వీసా స్టాంపు పడింది కదా అని ముహూర్తం పెట్టించి, పెళ్ళయ్యాక విమానం ఎక్కించిన ఇళ్ళున్నాయి. దిగాక చాలా బాధపడ్డారు.

పాలమూరు_రైతుబిడ్డ

అర్థమైంది బాబాయ్. ఈ రాత్రే చెల్లెలికి ఫోన్ చేస్తా.

వరంగల్_బిడ్డ

బాబాయ్, నాదీ ఒకటి చెప్పండి. నేను ఈ మధ్యే సిటిజన్ అయ్యాను. అమ్మానాన్నలకి వేద్దామనుకుంటున్నా. తమ్ముడికి 19. వాళ్ళ పిటిషన్‌లోనే వాణ్ణీ చేర్చవచ్చా?

ఎడిసన్ బాబాయ్

చేర్చలేవమ్మా. సిటిజన్ తల్లిదండ్రులకి వేసేది ఇమీడియట్ రెలటివ్ కేటగిరీ. వాళ్ళకి క్యూ ఉండదు, అది మంచిదే. కానీ దాంట్లో వెనకాల ఎవరూ రావడానికి లేదు. అమ్మకి ఒక ఐ-130 (బంధువు కోసం వేసే పిటిషన్ ఫారం), నాన్నకి ఇంకొకటి వేయాలి. తమ్ముడికి ఏడేళ్ళున్నా, పందొమ్మిదేళ్ళున్నా అందులో చోటు లేదు.

నువ్వు తమ్ముడికి నేరుగా వేస్తే అది ఎఫ్-4. 2025 చివర్లో మన దేశానికి 2006 తేదీలు నడిచాయి, అంటే 2006లో వేసినవాళ్ళ వంతు అప్పుడు వచ్చింది, దాదాపు ఇరవై ఏళ్ళు. అయినా వేసి ఉంచు. దాంతో పాటు అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు రాగానే వాళ్ళలో ఒకరి చేత వాడికి వేయించు. అప్పటికి వాడి వయసు 21 లోపుంటే ఎఫ్-2ఏ, దాటితే ఎఫ్-2బీ. ఎఫ్-2ఏలో ఉండగా 21 దాటితే అదే తేదీతో ఎఫ్-2బీలోకి మారతాడు, ఆ తేదీ పోదు. కానీ పెళ్ళి చేసుకున్న రోజున ఆ పిటిషన్ చచ్చిపోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు పెళ్ళయిన పిల్లలకి వేయడానికి కేటగిరీయే లేదు.

ఇంకోటి. మన పెద్దవాళ్ళు గ్రీన్ కార్డు తీసుకుని ఇక్కడ ఆర్నెల్లు, అక్కడ ఆర్నెల్లు అని తిరుగుతారు. తర్వాత చలికి తట్టుకోలేక అక్కడే ఉండిపోతారు. కార్డు వదులుకున్నట్టు తేలితే వాళ్ళు తమ్ముడికి వేసిన పిటిషన్‌కి ఆధారం పోతుంది. వాడి కోసమే వస్తున్నాం అనుకుంటే ఇక్కడ నిజంగా కాపురం పెట్టాలి. ఆ మాట పిటిషన్ వేయకముందే వాళ్ళతో కూర్చుని మాట్లాడు.

మిస్సిసాగా_మామిడికాయ

కెనడాలో ఇది వేరుగా ఉంటుంది. తల్లిదండ్రుల్ని స్పాన్సర్ చేస్తే వాళ్ళ మీద ఆధారపడిన, పెళ్ళి కాని 22 లోపు పిల్లలు కూడా దరఖాస్తులో రావచ్చు. వయసు మొదట్లోనే లాక్ అవుతుంది, ప్రాసెసింగ్‌లో పెరిగింది లెక్కించరు. మధ్యలో 19 లోపు అని తగ్గించారు, 2017 అక్టోబర్ 24 నుంచి మళ్ళీ 22 చేశారు. ఈ రెండు దేశాల నియమాలు కలిపి చదివి కంగారుపడేవాళ్ళని చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నా.

ఫ్రిస్కో_తెలుగు

పైన నేను తొందరపడి రాశాను, క్షమించండి గోస్తనీ గారూ. బాబాయ్ గారూ, మా అమ్మాయికి 17, నా ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 మీద ఉంది. ఉద్యోగం దారిలో వచ్చే గ్రీన్ కార్డుకి కూడా ఇదే సూత్రమా?

ఎడిసన్ బాబాయ్

సూత్రం అదే. తీసేసేది ఐ-140 (కంపెనీ వేసే పిటిషన్) పెండింగ్ రోజులు. మీ వాళ్ళు ప్రీమియం కట్టి రెండు మూడు వారాల్లో అప్రూవ్ చేయించి ఉంటే తీసేయడానికి ఆ రెండు మూడు వారాలే ఉంటాయి. త్వరగా అవ్వాలని డబ్బు కట్టినవాళ్ళకే ఈ లెక్కలో నష్టం వస్తుంది. గోస్తనీ గారి పిటిషన్ నాలుగేళ్ళు బల్ల మీద పడి ఉండబట్టే పిల్లలకి నాలుగేళ్ళు కలిసొచ్చింది.

బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి కదా, దరఖాస్తు వేయడానికి ఫైలింగ్ తేదీలది, వీసా ఇవ్వడానికి ఫైనల్ యాక్షన్ తేదీలది. 2023 ఫిబ్రవరి నుంచి యూఎస్‌సీఐఎస్ ఫైలింగ్ తేదీల పట్టిక ప్రకారం వయసు లెక్కించింది, పిల్లలకి కాస్త వెసులుబాటు ఉండేది. 2025 ఆగస్టు 15 నుంచి వేసినవాటికి మళ్ళీ ఫైనల్ యాక్షన్ తేదీకే వెళ్ళిపోయింది. మీ అమ్మాయి చదువు ప్లాన్ దాన్నిబట్టే వేసుకోండి. 21 వచ్చేలోపు ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారడానికి ముందుగానే లాయర్ని కలవండి.

గోస్తనీ

అక్క, బావ కలిసి నిన్న రాత్రంతా బేస్‌మెంట్‌లో అట్టపెట్టెలు దింపారట. మా అమ్మ రాసిన ఉత్తరాలు, మా పెళ్ళి శుభలేఖ, వాటి కింద ఒక కవరు. ఫోటో పంపింది. పైన ఐ-797 అని ఉంది, అప్రూవల్ నోటీసు అని ఉంది.

తేదీ 2010 నవంబర్ 3.

వరంగల్_బిడ్డ

అన్నా…

గోస్తనీ

లెక్క నేనే వేశాను. 1605 రోజులు. 1675 లోంచి తీస్తే 70 రోజులు బయట. మా పాప డెబ్బై రోజులు పెద్దదైపోయింది.

తెనాలి అత్తయ్య

అయ్యో తల్లీ.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. మన పిల్లల్ని బడిలో వేసేటప్పుడు జూన్‌కి వయసు సరిపోవాలని మాస్టారు రెండు మూడు నెలలు ముందుకి జరిపి రాసేవారు. టెన్త్ సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ, మునిసిపాలిటీలో ఉన్న తేదీ ఒకటేనా? మా ఇంట్లో ముగ్గురికి ముగ్గురికీ తేడానే.

ఎడిసన్ బాబాయ్

అత్తయ్య గారి మాటలో విషయం ఉంది. పుట్టినప్పుడే మునిసిపాలిటీలో నమోదైన తేదీ నిజంగా వేరుగా ఉంటే దాన్ని లాయర్ ద్వారా ముందు పెట్టవచ్చు. పాస్‌పోర్ట్, టెన్త్ సర్టిఫికెట్‌లో ఎందుకు తేడా వచ్చిందో వివరించాలి, తేలిక కాదు. కానీ అలాంటి నమోదు నిజంగా ఉంటేనే. లేని తేదీని ఇప్పుడు పుట్టించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది పాపతో పాటు మీ ముగ్గురి వీసాలనీ ముంచుతుంది.

గోస్తనీ

చూశానండి. మునిసిపాలిటీ కాగితం మీదా అదే తేదీ. నిజానికి చూడక్కర్లేదు. ఆ రోజు తెల్లవారుజామున ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నది నేనే. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చేతిలో పెట్టినప్పుడు గోడ గడియారం చూశాను. ఆ తేదీ ఎలా మారుస్తాను?

ఇంక పాపకి దారే లేదా బాబాయ్ గారూ? 2006 నుంచి క్యూలో ఉన్నాం కదా, ఆ పాత తేదీ అయినా తనకి ఉంచరా? మళ్ళీ వేరే పిటిషన్ వేస్తే 2006 తేదీతో చూడరా?

ఎడిసన్ బాబాయ్

ఇదే ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందండీ. ఎల్ సాల్వడార్ నుంచి ఒక తల్లి. ఆమెకి వాళ్ళమ్మ పిటిషన్ వేసింది, కొడుకు పేరూ అందులో ఉంది. వీసా అందే కొద్ది నెలల ముందు కొడుక్కి 21 దాటింది. పాత తేదీ వాడికి ఇవ్వమని పోరాడారు. 2014 జూన్‌లో 5-4 తేడాతో ఓడిపోయారు. ఎఫ్-3 (సిటిజన్ పెళ్ళయిన పిల్లలకి వేసేది), ఎఫ్-4 పిటిషన్ల వెనకాల ఉండి వయసు దాటిన పిల్లలకి పాత తేదీ రాదని తేల్చారు. మా ఆఫీసులో ఆ రోజు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మీలాంటి కుటుంబాల ఫైళ్ళు ఒక అరలో పెట్టుకుని ఆ తీర్పు కోసం ఎదురుచూస్తున్నాం మేము.

కాబట్టి పాపకి ఉన్న దారులు కొత్తవి, పొడుగైనవి.

మీరు వచ్చి గ్రీన్ కార్డు తీసుకున్నాక ఆమెకి ఎఫ్-2బీ వేయవచ్చు. 2025 చివర్లో అక్కడ 2016 ప్రాంతం తేదీలు నడిచాయి, అంటే తొమ్మిదేళ్ళకి తగ్గదు. అంతకాలం పెళ్ళి చేసుకోకూడదు. మీరు ఐదేళ్ళ తర్వాత సిటిజన్ అయితే ఆ పిటిషన్ ఎఫ్-1 అవుతుంది (ఇది విద్యార్థి వీసా కాదు, సిటిజన్ పెళ్ళి కాని పెద్ద పిల్లల కేటగిరీ). మీరు సిటిజన్ అయ్యాక ఆమె పెళ్ళి చేసుకుంటే అదే తేదీతో ఎఫ్-3 అవుతుంది. మీరు సిటిజన్ కాకముందే పెళ్ళయితే ఎఫ్-2బీ పోతుంది.

లేదంటే ఆమె ఇప్పుడే పెళ్ళి చేసుకుని తన బతుకు తను బతుకుతుంది. మీరు సిటిజన్ అయ్యాక ఎఫ్-3 వేస్తారు. అందులో అల్లుడూ, 21 లోపు మనవలూ వస్తారు. కానీ అక్కడ 2025 చివర్లో 2011 తేదీలు నడిచాయి. మీ ఐదేళ్ళూ కలిపితే దాదాపు ఇరవై ఏళ్ళు.

తన చదువు, ఉద్యోగం మీద తను రావడం వేరే దారి, దాన్ని ఎవరూ ఆపలేదు.

ఒక తండ్రిగా నా మాట కూడా వినండి. ఎఫ్-2బీ కోసం ఆడపిల్లని పెళ్ళి ఆపుకుని కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. చెప్పిన ఇళ్ళు చూశాను. ముప్పై ఐదేళ్ళకి వీసా వచ్చింది, అప్పటికి ఆ పిల్ల నవ్వడం మర్చిపోయింది.

గోస్తనీ

మా ఆవిడ నిన్నటి నుంచి "అయితే మనమూ వద్దు" అంటోంది. నాకూ అలాగే ఉంది. పిల్లని ఒక్కదాన్ని ఇక్కడ వదిలి ముగ్గురం ఎలా వెళ్తాం? అక్కకి ఏమని చెప్పాలి? 19 ఏళ్ళు మా కోసం ఎదురుచూసింది.

70_రోజులు

అందరికీ నమస్కారం. ఈ థ్రెడ్‌లో మీరంతా మాట్లాడుకుంటున్న అమ్మాయిని నేనే. నాన్న ఫోన్‌లో చూసి వచ్చాను. నాన్నకి ఎదురుగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను, చదువుతారని తెలుసు.

నాన్నా, నాకు కోపం లేదు. నాలుగేళ్ళుగా ఇంటికి వచ్చిన ప్రతి సంబంధానికీ "అమెరికా పేపర్లు ఉన్నాయి, కాస్త ఆగండి" అని చెప్పారు. వైజాగ్‌లో నాకు బ్యాంకు ఉద్యోగం ఉంది. ప్రమోషన్ మీద ట్రాన్స్‌ఫర్ వస్తే "వద్దు, ఇవాళో రేపో వెళ్ళిపోతాం" అని రెండుసార్లు వదిలించారు. ఈ నాలుగేళ్ళూ నేను ఎక్కడా లేను. తణుకులో లేను, వైజాగ్‌లో లేను, న్యూజెర్సీలో అసలే లేను. ఆ 70 రోజుల సంగతి తెలిశాక ఏడ్చాను. తర్వాత తెల్లారి లేచి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మీరు వెళ్ళండి. అత్తకి మీ అవసరం ఉంది, మోకాళ్ళ ఆపరేషన్ తర్వాత ఆవిడ మెట్లు ఎక్కలేకపోతోంది. తమ్ముడికి అక్కడ చదువుకోవాలని ఉంది, వాడికి లెక్క సరిపోయింది. నా కోసం వాడిది పోగొట్టకండి. నాకు ఎఫ్-2బీ వేయొద్దు. ఆ భీమవరం వాళ్ళు మళ్ళీ అడిగితే ఈసారి ఆగమనొద్దు. అబ్బాయితో నేను మాట్లాడతాను.

బాబాయ్ గారూ, ఒక్కటే ప్రశ్న. తమ్ముడి ఫీజు ఇంకా కట్టలేదు. ఎలా కట్టాలో చెప్పండి. నాన్న కట్టరు, నేను కట్టిస్తాను.

ఎడిసన్ బాబాయ్

తల్లీ, నీ మాట రెండుసార్లు చదివాను. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఇలా చెయ్యి. సీయాక్ అనే ఎన్వీసీ పోర్టల్‌లో కేసు నంబరు, ఇన్వాయిస్ నంబరుతో లోపలికి వెళ్ళాలి. రెండూ అత్తకి వచ్చిన మెయిల్‌లో ఉంటాయి. అక్కడ మనిషికి 325 డాలర్ల వీసా ఫీజు, కేసు మొత్తానికి 120 డాలర్ల స్పాన్సర్ కాగితాల ఫీజు చూపిస్తుంది. చెల్లింపు అమెరికా బ్యాంకు ఖాతా నుంచే జరుగుతుంది. మన కార్డులు, యూపీఐ పనిచేయవు, అత్త ఖాతా నుంచి కట్టించు. ముఖ్యంగా తమ్ముడి పేరు పక్కన విడిగా ఫీజు కట్టినట్టు పడాలి. నాన్నది కట్టాం కదా అని ఆగిపోతే తమ్ముడి ఏడాది గడువు అలాగే నడుస్తూ ఉంటుంది. వాడి పేరు కనపడకపోతే వెంటనే ఎన్వీసీ పబ్లిక్ ఎంక్వైరీ ఫారంలో రాయండి, ఆ రాసింది దాచుకోండి.

కట్టాక ఆ రసీదు ప్రింట్ తీసి పెట్టండి. తమ్ముడి వయసు మీద ముంబై ఇంటర్వ్యూలో ప్రశ్న వస్తే చూపించాల్సినవి మూడు: పిటిషన్ రసీదు, ఆ అప్రూవల్ నోటీసు, ఈ ఫీజు రసీదు.

గోస్తనీ

పాప పోస్టు చదివాను. ఇప్పుడేమీ రాయలేను.

వరంగల్_బిడ్డ

చెల్లీ, పెళ్ళికి పిలవాలి మరి. షార్లెట్ నుంచి వస్తా.

70_రోజులు

తప్పకుండా అక్కా.

రాత్రి 1:40 అయింది ఇక్కడ. అత్త, నేను వీడియో కాల్‌లో ఉన్నాం. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుంటూ చెక్కు బుక్ కింద ఉన్న రౌటింగ్ నంబరు ఒక్కో అంకె చదివింది, నేను చూస్తూ సరిచెప్పాను. అమ్మది, నాన్నది, తమ్ముడిది మూడూ పడ్డాయి. తమ్ముడి పేరు పక్కన "ప్రాసెస్‌లో ఉంది" అని చూపిస్తోంది. నాన్న హాల్లో కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఇందాక లేచి వచ్చి తమ్ముడి పుట్టినరోజు సర్టిఫికెట్ నా ముందు పెట్టి వెళ్ళారు.

బాబాయ్ గారూ, డీఎస్-260లో నాన్న తన పిల్లల వివరాలు రాసేచోట నా పేరు కూడా రాయాలా? నేను వెళ్ళడం లేదు కదా.

ఎడిసన్ బాబాయ్

రాయాలమ్మా. వచ్చినా రాకపోయినా పిల్లలందరి పేర్లూ రాయాలి. "మీతో వస్తున్నారా" అన్న దగ్గర మాత్రం "లేదు" పెట్టండి.